బ్రిడ్జి లేచిన గిటార్‌ను ఇంట్లోనే బాగుచేసుకోవడం ఎలా?

రోహిణి కార్తెలో గిటార్‌ను కారు వెనక సీట్లో పెట్టుకుని నెల్లూరు నుంచి ఒంగోలు పెళ్ళికి వెళ్ళారనుకుందాం. కల్యాణ మండపం ముందు ఎండలోనే బండి ఆపి, పెళ్ళి చూసి, భోజనం చేసి, సాయంత్రం వచ్చి గిటార్ తీస్తే తీగలు ఎప్పటికంటే ఎత్తుగా ఉంటాయి. నొక్కితే వేళ్ళు నొప్పి పుడతాయి. తీగల కింది కొసలను పట్టి ఉంచేలా పై పలక మీద అతికించిన చెక్క పట్టీయే బ్రిడ్జి; దాని వెనక అంచు కింద సన్నటి నల్లగీత కనిపిస్తుంది. అక్కడ విజిటింగ్ కార్డు పెడితే లోపలికి జారుతుంది.

బయట 42 డిగ్రీల ఎండ ఉన్న రోజు, అద్దాలు మూసిన కారు లోపల వేడి 60 దాటిపోతుంది. ఆ వేడికి బ్రిడ్జిని పై పలకకు పట్టి ఉంచిన బంక మెత్తబడుతుంది. స్టీలు తీగల అకూస్టిక్ గిటార్‌కు 12 నంబరు సెట్టు (అన్నిటికంటే సన్న తీగ మందం అంగుళంలో వెయ్యికి 12 వంతులు) వేసి శ్రుతి చేస్తే ఆరు తీగలూ కలిసి సుమారు 70 కిలోల బలంతో బ్రిడ్జిని లాగుతుంటాయి. మెత్తబడ్డ బంక ఆ లాగుడుకు ఎంతసేపు ఆగుతుంది?

దీన్ని ఇంట్లోనే బాగుచేసుకోవచ్చు. కాకపోతే, అడగకపోయినా సలహాలిచ్చే వాళ్ళు ముగ్గురు మీ వీధిలోనే ఉంటారు. ఒకరు ఫెవిక్విక్ పోయమంటారు. ఒకరు ఆరల్డైట్ కలిపి పూయమంటారు. మూడో ఆయన ఏకంగా స్క్రూలు కొట్టేయమంటారు. ఎవరి మాటా వినకండి. సందులో పోసిన ఫెవిక్విక్ పాత బంక మీద పెళుసు పొరలా గట్టిపడి కొన్నాళ్ళకు పగిలిపోతుంది. ఆరల్డైట్ పట్టుకుంటే గట్టిగానే పట్టుకుంటుంది, కానీ రేపు మళ్ళీ తీయాల్సి వస్తే బ్రిడ్జితో పాటు పలక చెక్క కూడా ఊడి వస్తుంది. స్క్రూల సంగతి చెప్పక్కర్లేదు. పై పలక మందం 3 మిల్లీమీటర్లు కూడా ఉండదు, అందులో స్క్రూ దేన్ని పట్టుకుంటుంది?

చర్చిలో వాయించే కుర్రాళ్ళు శుక్రవారం గిటార్ తెచ్చి "అన్నా, ఆదివారానికి అయిపోద్దా?" అని అడుగుతుంటారు. అవ్వదు. అతికించడానికి పట్టేది ఐదు నిమిషాలే. దానికి ముందు శుభ్రం చేయడం, తర్వాత ఆరబెట్టడం ఉన్నాయి. ఆ శుభ్రం చేసే పని మీ ఉలి ఎంత మంచిదన్న దాని మీదే ఆధారపడుతుంది. అందుకే గిటార్ కంటే ముందు ఉలి గురించి చెబుతాను.

ఉలి కొనడం

హార్డ్‌వేర్ షాపుకు వెళ్తే ముందు చూపించేది ఆరో ఎనిమిదో ఉలులు ఉన్న ప్లాస్టిక్ పెట్టె. చూడ్డానికి బాగుంటుంది, ధర తక్కువ. కొనకండి. ఆ డబ్బుకు ఇంకొంత కలిపి, పేరున్న కంపెనీది 20 మిల్లీమీటర్ల ఉలి ఒక్కటి కొనండి. తర్వాత వీలైనప్పుడు 6 మిల్లీమీటర్లది ఇంకొకటి. గిటార్ పనికి ఈ రెండూ ఏళ్ళ తరబడి సరిపోతాయి.

తేడా అంతా ఉక్కులో ఉంటుంది. మంచి ఉలి ఉక్కు రాక్‌వెల్ కొలతలో 58 నుంచి 62 దాకా గట్టిగా ఉంటుంది. అంతకంటే మెత్తనిదైతే సాన పట్టిన కాసేపటికే అంచు మడత పడిపోతుంది. అలాంటి దాంతో బంక గీకుతుంటే చెయ్యి ఎక్కువ బలం పెడుతుంది, బలం ఎక్కువైనప్పుడే ఉలి జారి పలక మీద గాడి పడుతుంది. మొద్దు ఉలే ప్రమాదం, పదునున్నది చెప్పిన చోట ఆగుతుంది.

షాపులో ఉలిని కంటి ఎత్తులో పట్టుకుని పిడి నుంచి అంచు దాకా చూడండి, వంకర ఉంటే పక్కన పెట్టేయండి. అంచు దగ్గర వాలుగా ఉండే వైపు ఏటవాలు, దాని వెనక చదునుగా ఉండే వైపు వీపు; ఆ వీపు మీద స్టీలు స్కేలు నిలబెట్టి వెలుతురుకు ఎదురుగా చూడండి. మధ్యలో కొద్దిగా గుంట ఉన్నా ఫర్వాలేదు, ఉబ్బు ఉంటే వద్దు. ఊళ్ళో మంచి కమ్మరి ఉంటే ఇంకో దారి ఉంది. లారీ కమాను పట్టీతో ఉలి కొట్టించుకోవచ్చు. ఆ ఉక్కు గట్టిది, పదును నిలుస్తుంది. పని మానేసిన పెద్ద వడ్రంగి ఎవరైనా పాత ఉలులు అమ్ముతుంటే వీపు మీద అంచు దగ్గర తుప్పు గుంటలు లేనివి ఏరుకోండి. పిడి విరిగినా నష్టం లేదు.

పనిముట్లు ఎక్కువ ఉండాలనేది అపోహే. ఉదయగిరిలో చెక్క చెంచాలు చేసే వాళ్ళ దగ్గర కూర్చుని చూడండి. రంపం, ఉలి, ఆకురాయి, సాండ్‌పేపర్ లాంటి కొద్ది సామానుతోనే అంత సన్నటి కాడలు తీస్తారు. భౌగోళిక గుర్తింపు వచ్చిన పని అది.

చీమకుర్తి రాయి మీద సాన

కొత్త ఉలి అయినా షాపు నుంచి తెచ్చిన వెంటనే వాడకూడదు. దానికి పదును మనమే పెట్టుకోవాలి. బయట ఖరీదైన సాన రాళ్ళు దొరుకుతాయి కానీ, ప్రకాశం జిల్లాలో ఉండి వాటి కోసం వెతకడం ఎందుకు? చీమకుర్తి, ఒంగోలు చుట్టుపక్కల గ్రానైట్ పాలిషింగ్ యూనిట్ల బయట కోసి పారేసిన ముక్కలు పడి ఉంటాయి. అడుగు పొడవు, ముప్పావు అడుగు వెడల్పు ఉన్న పాలిష్ ముక్క ఒకటి అడిగి తెచ్చుకోండి. స్కేలు అంచును దాని మీద అడ్డంగా, నిలువుగా, మూల నుంచి మూలకు నిలబెట్టి వెనక టార్చి వేయండి. ఎక్కడా వెలుతురు దూరకపోతే మీకు కావలసిన చదును దొరికినట్టే. ఇదే రాయి తర్వాత శాడిల్ (బ్రిడ్జి గాడిలో నిలబడి తీగలను మోసే సన్న పట్టీ) అరగదీయడానికీ పనికొస్తుంది.

నీళ్ళలో తడిపినా పాడవని నల్ల ఎమరీ పేపర్ 220, 400, 800, 1200, 2000 నంబర్లవి తీసుకోండి. రాయి మీద నాలుగు చుక్కల నీళ్ళు వేసి పేపర్ పరిస్తే దానంతట అదే అతుక్కుంటుంది.

ముందు వీపు. ఉలి వీపును పేపర్ మీద పూర్తిగా ఆనించి, అంచు వైపు ఒక అంగుళం మేర రుద్దండి. పిడి కొంచెం కూడా పైకి లేవకూడదు. 220తో మొదలుపెట్టి, గీతలన్నీ ఒకే దిశలో అంచు దాకా కనిపించాక 400కు, అలా 2000 దాకా వెళ్ళండి. కొత్త ఉలికి ఇది విసుగు పుట్టేంత పని. కానీ ఉలి జీవితంలో ఒక్కసారి చేస్తే చాలు. పదును అంటే వీపూ, ఏటవాలూ కలిసే గీత. వీపు గరుకుగా ఉంటే ఏటవాలును ఎంత రుద్దినా ఆ గీత సూటిగా రాదు.

తర్వాత ఏటవాలు. కోణం 25 డిగ్రీలు ఉండాలి. కోణమాని అక్కర్లేదు. ఉలి మందం 3 మిల్లీమీటర్లు అనుకుంటే ఏటవాలు పొడవు 7 మిల్లీమీటర్లు ఉన్నప్పుడు దాదాపు 25 డిగ్రీలు వస్తుంది. రెండు చేతులతో పట్టుకుని ఏటవాలు మొత్తం పేపర్‌కు ఆనేలా, మీ వైపుకు మాత్రమే లాగండి. తోస్తే పేపర్ చిరుగుతుంది. కాసేపటికి వీపు వైపు అంచు మీద వేలు పెట్టి బయటికి జరిపితే సన్నటి రేకు లాంటిది తగులుతుంది. అంచు చివరి దాకా రుద్దామనడానికి గుర్తు అదే. అది అంచు పొడవునా తగిలాకే తర్వాతి నంబరుకు మారండి. చివర్లో 2000 మీద పిడిని ఇంకొంచెం ఎత్తి, 30 డిగ్రీల దగ్గర నాలుగైదు లాగుళ్ళు చాలు. తర్వాత వీపును చదునుగా పెట్టి ఒక్కసారి రుద్దితే ఆ రేకు పోతుంది. పాత తోలు బెల్టు ముక్కను చెక్కకు అతికించి, దాని మీద పాలిష్ సబ్బు రాసి ఉలిని వెనక్కి లాగితే ఇంకా మంచిది.

పరీక్ష ఎలా అంటే, మెత్తటి ప్యాకింగ్ పెట్టె చెక్క ముక్కను తీసుకుని, రంపంతో కోసిన కొస వైపు నుంచి ఉలితో పలచగా తీయండి. నార నలగకుండా నున్నగా తెగితే పదును వచ్చింది. పొడిపొడిగా రాలితే మళ్ళీ రాయి దగ్గరికి వెళ్ళాలి. కరెంటు గ్రైండర్ మీద మాత్రం పెట్టించకండి. అంచు నీలి రంగు తిరిగిందంటే ఆ వేడికి ఉక్కు గట్టిదనం పోయినట్టే, ఆ మేరకు అరగదీసేయాల్సిందే.

గిటార్‌ను పరీక్షించడం

ఉలి సిద్ధమైంది, ఇప్పుడు గిటార్. తీగలన్నింటినీ కొంచెం కొంచెంగా వదులు చేసి తీసేయండి. తీగల కొసలను బ్రిడ్జి రంధ్రాల్లో పట్టి ఉంచే పిన్నులు రాకపోతే కటింగ్ ప్లయర్‌తో లాగకుండా, మధ్య రంధ్రంలోంచి చెయ్యి పెట్టి రూపాయి బిళ్ళతో కింది నుంచి పైకి నొక్కండి. శాడిల్ కూడా తీసి పక్కన పెట్టండి.

ఫోన్ టార్చి, చిన్న అద్దం లోపల పెట్టి, పలకకు బలం కోసం కింద అతికించిన బద్దలన్నీ చూడండి. పై పలక మీద వేళ్ళతో తడుతూ వెళ్తే ఎక్కడైనా గలగలమంటే అక్కడ బద్ద ఊడింది, దాన్ని ముందు అతికించాలి. మధ్య రంధ్రం అంచున చెక్క పొరలు పొరలుగా కనిపిస్తే పలక ప్లైవుడ్. నారలు పై నుంచి కిందికి ఒకే తీరుగా వెళ్తే అసలు చెక్క. ప్లైవుడ్ గిటార్‌కు షాపులో మరమ్మతు చేయిస్తే అయ్యే ఖర్చు దాని విలువకు తగదు. కానీ పని నేర్చుకోవడానికి అంతకంటే మంచిది దొరకదు.

ఇంకో ముఖ్యమైన సంగతి. బ్రిడ్జి మీద తెల్లటి చుక్కలు రెండు ఉంటే అవి అలంకారం కోసమే అనుకోకండి. చాలా గిటార్లలో వాటి కింద బోల్టులు దాగి ఉంటాయి. లోపల అద్దంలో చూస్తే నట్లు కనిపిస్తాయి. వాటిని విప్పకుండా బ్రిడ్జిని లేపితే పలక చిరుగుతుంది.

బ్రిడ్జిని తీయడం

సగం లేచింది కదా, ఆ సందులోకే బంక పోద్దాం అనిపిస్తుంది. వద్దు. సగం పట్టు ఉన్న బ్రిడ్జిని పూర్తిగా తీసే అతికించాలి.

ముందుగా బ్రిడ్జి చుట్టూ మాస్కింగ్ టేపు అంటించి స్థానం గుర్తు పెట్టండి. బ్రిడ్జి ఒక్క మిల్లీమీటరు జరిగినా పైకి వెళ్ళేకొద్దీ శ్రుతి తప్పుతుంది. చుట్టూ పలక మీద అట్ట, దాని మీద అల్యూమినియం ఫాయిల్ పరిచి, బ్రిడ్జి ఆకారంలో మాత్రం కోసి తెరిచి ఉంచండి. ఇస్త్రీ పెట్టెను తక్కువ వేడిలో పెట్టి బ్రిడ్జి పైన నాలుగైదు నిమిషాలు ఆనించండి. మధ్య మధ్యలో తీసి చెయ్యి పెట్టి చూడండి. చెయ్యి ఆగనంత వేడెక్కాక, గోడలకు లప్పం పెట్టే పలచటి రేకును సందులోకి నెమ్మదిగా పంపండి. రేకు మూలలు ముందే గుండ్రంగా అరగదీసి పెట్టుకోండి, లేదంటే చెక్కను చీలుస్తాయి.

రేకు ఏ వైపు నుంచి తోస్తే నార లేవకుండా వెళ్తుందో ఆ వైపు నుంచే వెళ్ళండి. బిగిసినట్టు అనిపిస్తే ఆగి మళ్ళీ వేడి చేయండి. తొందరపడి మెలితిప్పితే బ్రిడ్జికి పలక పేళ్ళు అంటుకుని వస్తాయి. వచ్చినా కంగారు పడకండి, ఆ పేళ్ళను పారేయకుండా తిరిగి వాటి స్థానంలోనే బంకతో అతికించి ఆరనివ్వండి.

శుభ్రం చేయడం

పని అంతా ఇక్కడే ఉంది. ఎండిన తెల్లబంక మీద కొత్త బంక పట్టదు. చెక్క చెక్కకు తగిలితేనే పట్టు వస్తుంది. అందుకని పలక మీదా, బ్రిడ్జి అడుగునా పాత బంక పొర మొత్తం పోవాలి. సాండ్‌పేపర్‌తో రుద్దితే త్వరగానే పోతుంది కానీ అంచులు గుండ్రంగా అరిగి, మధ్యలో ఎత్తు మిగులుతుంది. అప్పుడు క్లాంపు ఎంత బిగించినా అంచుల్లో సందు ఉండిపోతుంది. వడ్రంగులు గాజుపెంకుతో గీకుతారు, బల్ల పైభాగానికి అది బాగానే ఉంటుంది, ఇక్కడికి కాదు.

ఉలి వీపును పలకకు ఆనించి, దాదాపు పడుకోబెట్టి, నార వెంట తోయండి. పదును సరిగ్గా ఉంటే బంక చిన్న చిన్న గోధుమ రంగు రేకులుగా లేస్తుంది, చెక్క లేవదు. చెక్క కూడా వస్తుంటే ఎదురు నార తగులుతోందని అర్థం, వైపు మార్చండి. పదును తగ్గినట్టనిపిస్తే 2000 పేపర్ మీద నాలుగు లాగుళ్ళు లాగి మళ్ళీ మొదలుపెట్టండి.

బ్రిడ్జి తీశాక పలక మీద దాని ఆకారంలో అంచు చుట్టూ మెరిసే చట్రం కనిపించవచ్చు. ఫ్యాక్టరీలో పాలిష్ కొట్టాక, బ్రిడ్జి కింద మధ్యలో మాత్రమే గీకి, అంచుల్లో పాలిష్ మీదే బంక పూసి అతికించారన్నమాట. చవక గిటార్లలో ఇది మామూలే. పాలిష్‌కు బంక పట్టదు, బ్రిడ్జి లేవడం మొదలయ్యేది కూడా ఆ అంచు నుంచే. బ్రిడ్జి గీత నుంచి ఒక మిల్లీమీటరు లోపలికి పదునైన బ్లేడుతో గీసి, ఆ లోపలున్న పాలిష్‌ను 6 మిల్లీమీటర్ల ఉలితో తీసేయండి. బ్లేడు పాలిష్ వరకే తెగాలి. చెక్కలోకి దిగితే బ్రిడ్జి ముందు నార తెగి పలక బలహీనపడుతుంది.

బ్రిడ్జి అడుగు భాగాన్ని కూడా ఇలాగే శుభ్రం చేశాక, పలక మీద 120 సాండ్‌పేపర్ ముఖం పైకి వచ్చేలా పరిచి, బ్రిడ్జిని దాని స్థానంలో నిలువుగా కొద్దిగా అటూ ఇటూ రుద్దండి. గిటార్ పలక పూర్తి చదునుగా ఉండదు, కొంచెం ఉబ్బుగా ఉంటుంది. ఆ ఉబ్బుకు తగ్గట్టు అడుగు కుదురుతుంది.

బ్రిడ్జే చీలి ఉంటే కొత్తది చేసుకోవాలి. పాత మంచం కోళ్ళో, బీరువా పలకో జిట్రేగి చెక్కవి దొరికితే శ్రేష్ఠం, గిటార్లకు వాడే ఇండియన్ రోజ్‌వుడ్ అదే. "మా దగ్గర ఎర్రచందనం ముక్క ఉంది, వాడొచ్చా?" అని వెలిగొండల వైపు వాళ్ళు అడుగుతుంటారు. వాయిద్యాలకు మంచి చెక్కే, జపాన్‌లో షామిసెన్ అనే మూడు తీగల వాయిద్యానికి వాడతారు. కానీ అనుమతి పత్రం లేని ఎర్రచందనం ఇంట్లో ఉండటమే కేసు. దాని జోలికి పోకండి.

అతికించడం

బంక పెట్టకముందే ఒకసారి మొత్తం బిగించి చూసుకోండి. సి క్లాంపులు మూడు కావాలి, నోటి లోతు కనీసం 6 అంగుళాలు ఉండాలి. మామూలు క్లాంపు మధ్య రంధ్రంలోంచి బ్రిడ్జి దాకా అందదు. లోపల బ్రిడ్జి కింద ఆనించడానికి ముప్పావు అంగుళం ప్లైవుడ్ ముక్క, అడ్డొచ్చే బద్దల దగ్గర గాడి తీసి పెట్టుకోండి. పైన ఇంకో ముక్క. రెండింటికీ పాలిథిన్ చుట్టండి, లేదంటే అవీ అతుక్కుంటాయి. మొదటి, ఆరో తీగల పిన్నుల రంధ్రాల్లో మైనం రాసిన సన్న బోల్టులు దింపితే బ్రిడ్జి జరగదు.

బంకల్లో గిటార్ పనివాళ్ళు ఎక్కువగా వాడేది పసుపు రంగు చెక్క బంక, టైట్‌బాండ్ ఒరిజినల్ లాంటిది. ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. మామూలు తెల్ల ఫెవికాల్ బల్లలకు, కుర్చీలకు బాగుంటుంది కానీ, ఎప్పుడూ లాగుడు ఉండే చోట, మన ఎండలకు నెమ్మదిగా జారుతుంది.

బ్రిడ్జి అడుగున పాత టూత్‌బ్రష్‌తో పలచగా, ఎక్కడా ఖాళీ లేకుండా పూయండి. స్థానంలో పెట్టి బోల్టులు దింపి, మధ్య క్లాంపు ముందు, బ్రిడ్జి రెండు చివర్ల మీదివి తర్వాత బిగించండి. మొత్తం ఐదు నిమిషాల్లో అయిపోవాలి. చుట్టూ సన్నటి పూసల్లా బంక బయటికి వస్తే సరిపోయినట్టే. బలం కొద్దీ తిప్పితే లోపల ఉండాల్సిన బంక కూడా బయటికి వచ్చేస్తుంది. వచ్చిన దాన్ని తడి గుడ్డతో తుడిచి, టేపు పడుకోబెట్టి నెమ్మదిగా లాగేయండి.

24 గంటలు ముట్టుకోవద్దు. నెల్లూరులో వానలు ఎక్కువగా పడేది అక్టోబరు నుంచి డిసెంబరు దాకానే కాబట్టి, ఆ ముసురు రోజుల్లో అతికిస్తే రెండు రోజులు ఆగండి. తొందరని ఎండలో పెట్టకండి.

తీగల ఎత్తు సరిచేయడం

బోల్టులు తీసి శాడిల్, తీగలు వేయండి. మొదట 10 లేదా 11 నంబరు సెట్టు చాలు, లాగుడు తక్కువ. ఒక్కసారిగా శ్రుతికి తీసుకెళ్ళకుండా ఆరు తీగలనూ కొంచెం కొంచెం బిగిస్తూ రండి.

స్టీలు స్కేలుతో 12వ ఫ్రెట్ (నెక్, అంటే గిటార్ మెడ మీద అడ్డంగా ఉండే లోహపు కడ్డీ) దగ్గర తీగ ఎత్తు కొలవండి. సన్న తీగ కింద 2 మిల్లీమీటర్లు, లావు తీగ కింద 2.5 ఉంటే హాయిగా ఉంటుంది. ఎక్కువ ఉంటే శాడిల్ అడుగు అరగదీయాలి. 12వ ఫ్రెట్ దగ్గర అర మిల్లీమీటరు తగ్గాలంటే శాడిల్ దగ్గర ఒక మిల్లీమీటరు తగ్గించాలి, లెక్క రెట్టింపు. పెన్సిల్‌తో గీత గీసి, గ్రానైట్ రాయి మీద 220 పేపర్ పరిచి, శాడిల్‌ను ఒక చెక్క ముక్కకు ఆనించి నిట్టనిలువుగా రుద్దండి. అడుగు వంకరైతే శబ్దం సరిగ్గా దిగదు. ఎముక శాడిల్ అయితే మూతికి మాస్కు కట్టుకోండి, ఆ పొడి పీల్చకూడదు.

శాడిల్ తగ్గించినా ఎత్తు పోకపోతే నెక్ వంగి ఉండవచ్చు. నెక్ లోపల దాని వంపును సరిచేసే రాడ్‌ను ఎలెన్ కీతో ఒకేసారి పావు చుట్టుకు మించి తిప్పకండి. బిగుసుకుంటే బలవంతం చేయకుండా తెలిసినవాళ్ళకు చూపించండి.

వారం పోయాక విజిటింగ్ కార్డు తీసుకుని బ్రిడ్జి చుట్టూ ఒకసారి పెట్టి చూడండి. ఎక్కడా దూరకపోతే, అప్పుడు మీకు అలవాటైన 12 నంబరు సెట్టు వేసుకోండి.